రెండు వారాల తర్వాత మళ్ళీ

కాశీబుగ్గలో బస్సు దిగి
సంచిలో నూట ఇరవై కాయితాలతో
జీడి బట్టీల వీధిలోకి నడిచాను.
ముప్పై ఆరు వాక్యాలు, ఒక్కోదానికి అయిదు గడులు,
అస్సలు కాదు దగ్గర్నుంచి ముమ్మాటికీ అవును దాకా.
దగ్గరి మనుషుల మధ్య ఉండేదాన్ని
ఈ కాయితం నిజంగా కొలుస్తుందా,
ఇంకేదో కొలిచి దానికా పేరు పెడుతుందా?
నా పరిశోధనంతా ఆ ఒక్క అనుమానమే.

బమ్మిడి డిల్లెమ్మ అంగీకార పత్రం మీద వేలు వేసింది.
గీతల్లేని మచ్చ పడింది.
"జీడి సొన తినీసింది తల్లీ,
రేషను మిషనీ కూడా నన్ను నాను కాదంటాది."

మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాం.
"నా భాగస్వామి నా మనసు అర్థం చేసుకుంటారు."
"బాగస్వామంటే? తోటలో వాటాదారా?"
కొట్టేసి, 'మా ఆయన' అని రాసుకున్నాను.
పక్క పీట మీంచి తవిటమ్మ అందుకుంది:
"నాకాయన నేడు. మా యారాలుంది.
దాని పేరు మీద రాసీ."
నా గడుల్లో యారాలికి చోటు లేదు.

తొమ్మిదోది తిరగేసి అడిగే వాక్యం,
వినకుండా అవునవునంటున్నవాళ్ళను పట్టుకోడానికి:
"ఆయన ఇంట్లో లేకపోయినా నాకేమీ తేడా ఉండదు."
"ఏటీ ఉండదు," అంది డిల్లెమ్మ.
"ఆడు సెన్నై పన్లోకెల్లిన ఆర్నెల్లూ
రెండు గ్లాసుల టీయే కాసినాను.
రెండోది సల్లారిపోతే నానే తాగీసినాను."
అయిదో గడిలో టిక్కు పెట్టాను.
లెక్క ప్రకారం ఆమెకు మమకారం తక్కువ.

చెప్తున్నంతసేపూ ఆమె చేతులాగలేదు.
గుండు ఒక తట్టలోకి, బద్ద ఒక తట్టలోకి,
ముక్క ఇంకోదాంట్లోకి,
చూడకుండానే.

రెండు వారాల తర్వాత అవే ప్రశ్నలు అడగాలి.
ఈలోగా గాలివాన వచ్చింది.
బట్టీ రేకులు వరిచేలల్లో దొరికాయి.
జీడిమామిళ్ళు వేళ్ళు పైకెత్తి పడుకున్నాయి.
కరెంటు లేని మధ్యాహ్నం
మళ్ళీ అదే పీట, అదే కాయితం.
ఇరవై రెండు: "మేమిద్దరం మనసు విప్పి మాట్లాడుకుంటాం."
కిందటిసారి ఒకటి. ఈసారి అయిదు.

"ఏం మాట్లాడుకున్నారు?"

"ఆ గాలిలో మాటేటినిపిస్తాది?
కప్పెగిరిపోకండా తాడు ఆ కొస ఆడొట్టుకున్నాడు,
ఈ కొస నానొట్టుకున్నాను, తెల్లార్లూ.
ఆడలిసిపోతే తాడొదులయ్యేది, నాకు తెలిసీది.
నాను లాగితే ఆడికి తెలిసీది.
తెల్లారినాక, మేకకి కట్టిప్పనేదనీసి
నన్ను తిట్టినాడు."

నూట ఇరవైలో తొంభై నాలుగుమందే దొరికారు.
రెండుసార్ల జవాబులకీ పొంతన
సున్నా పాయింటు మూడు ఒకటి.
"పనికిరాదు," అన్నారు గైడుగారు కళ్ళద్దాలు తుడుచుకుంటూ.
"మనుషులు నిలకడగా ఉన్న ఊరేదైనా చూసుకో."

ఆ మాట చెప్తే డిల్లెమ్మ తట్ట దింపి నవ్వింది.
"మా సావుకారి కాటా సూడు.
పొద్దున తూసినా మాపు తూసినా ఒకటే సెప్తాది.
దానంత నిలకడ మా ఊర్లో ఎవలికీ నేదు.
కిలోకి యాభై గ్రాములు తక్కువ."

టెక్కలి దాటాక, మిగిలిన కాయితం ఒకటి
బస్సులో ఒళ్ళో పెట్టుకున్నాను.
'మా ఆయన' కొట్టేసి 'మా అక్క' అని రాశాను.
మూడేళ్ళయింది మాట్లాడి,
అమ్మ ఆస్పత్రి బిల్లు దగ్గర మొదలైంది.
పదమూడు దాకా వరసగా రెండు, రెండు, రెండు.
పద్నాలుగు: "కష్టమొస్తే మొదట గుర్తొచ్చేది ఈ మనిషే."
గాలివాన రాత్రి హాస్టలు కిటికీ పగిలినప్పుడు
ఎవరి నంబరు నొక్కి, మోగకముందే ఆపేశానో
నాకొక్కదానికే తెలుసు.
గడి ఖాళీగా వదిలేశాను.
ఖాళీలకు మా దగ్గర పద్ధతి ఉంది,
అందరి సగటూ తెచ్చి అందులో పెట్టడం.

కోటబొమ్మాళి దగ్గర బస్సు గతుకులో పడింది.
పెన్ను అయిదు గడులనీ కోసుకుంటూ
అంచు దాకా పోయింది.
కండక్టరు చిల్లర లేదన్నాడు.
పదకొండు రూపాయలు బాకీ అని
టికెట్టు వెనకాల రాసిచ్చాడు.